ఆర్సీ విమానం నిలకడగా ఎగరాలంటే: వంపు సెన్సర్‌ను ఎలా ఎంచుకోవాలి?

ఎలక్ట్రానిక్స్ దుకాణానికి వెళ్లి "టిల్ట్ సెన్సర్ ఉందా?" అని అడిగితే చాలాసార్లు చేతిలో పెట్టేది ఎస్‌డబ్ల్యూ-520డి అనే చిన్న లోహపు గొట్టం. దాని లోపల బంతులు దొర్లుతాయి. ఒక కోణం దాటితే స్విచ్ తెగుతుంది, వెనక్కి వస్తే మళ్లీ కలుస్తుంది. గది హీటరు పక్కకు పడిపోతే కరెంటు ఆపడానికి అది చక్కగా పనికొస్తుంది. రిమోట్‌తో ఎగరేసే ఆర్సీ విమానానికి మాత్రం పనికిరాదు. ఎంత వంగిందో చెప్పదు, పైగా మోటారు అదురుకే తెగుతూ కలుస్తూ ఉంటుంది. పాదరసం స్విచ్, లోలకానికి పొటెన్షియోమీటర్ తగిలించిన ఏర్పాటు, ద్రవంతో పనిచేసే వంపు సెన్సర్ కూడా ఈ కుటుంబానివే. ఒక్కొక్కటి ఒక్కో ధర, అన్నిటికీ జబ్బు ఒకటే. ఆ జబ్బేమిటో తెలిస్తే ఏది కొనాలన్న ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే. అందుకే మోడల్ నంబర్ల జోలికి పోయే ముందు దాని సంగతి చూద్దాం.

మలుపులో బుడగ కదలదు

విమానంలో మేస్త్రీ వాడే రసమట్టం బిగించారనుకోండి. నేల మీద ఉండగా ఒక రెక్క ఎత్తితే బుడగ పక్కకు జరుగుతుంది. గాల్లో 45 డిగ్రీలు వంచి, పక్కకు జారకుండా శుభ్రంగా మలుపు తిప్పితే మాత్రం బుడగ నడిమధ్యనే నిలుస్తుంది. గురుత్వాకర్షణ, మలుపు వల్ల బయటికి నెట్టినట్టు అనిపించే బలం రెండూ కలిసి సరిగ్గా విమానం కడుపు వైపే లాగుతాయి కనుక. అమెరికన్ పైలట్ బాబ్ హూవర్ బ్యారెల్ రోల్ చేస్తూనే గ్లాసులోకి టీ పోసి చూపించేవారు. విమానం తలకిందులవుతున్నా టీ గ్లాసులోకే పడేది. ఆ విన్యాసాన్ని సాధ్యం చేసిన భౌతికశాస్త్రమే మీ వంపు సెన్సర్‌ను మోసం చేస్తుంది.

లెక్క వేసి చూడండి. సెకనుకు 15 మీటర్ల వేగంతో వెళ్లే ఫోమ్ విమానం 45 డిగ్రీల వంపుతో తిరిగితే మలుపు వ్యాసార్ధం సుమారు 23 మీటర్లు. ఒక చుట్టు పూర్తికావడానికి పది సెకన్ల లోపే పడుతుంది. అంతసేపూ యాక్సెలరోమీటర్‌కు (త్వరణాన్నీ గురుత్వాన్నీ కలిపి కొలిచే సెన్సర్) కనిపించేది 1.41 జి బలం (ఒక జి అంటే మామూలు గురుత్వమంత), అదీ సరిగ్గా విమానం కడుపు వైపుకే. దాని దృష్టిలో వంపు సున్నా. దాన్ని నమ్మి సర్వోలు (రెక్కల, తోక పలకలను కదిపే చిన్న మోటార్లు) నడిపే స్టెబిలైజర్ "అంతా సమంగానే ఉంది" అని చేతులు ముడుచుకు కూర్చుంటుంది. విమానం మాత్రం ముక్కు దించుకుంటూ సుడి తిరిగి కిందికి వస్తుంది.

ముందుకు వేగం పుంజుకునేటప్పుడు ఇంకో రకం మోసం. థ్రాటిల్ పూర్తిగా తెరిచి 0.5 జి త్వరణంతో దూకితే, ముక్కు దాదాపు 27 డిగ్రీలు పైకి లేచిందని యాక్సెలరోమీటర్ చెబుతుంది. స్టెబిలైజర్ ఏం చేస్తుంది? ముక్కు దించుతుంది. చేత్తో విసిరిన విమానం పది అడుగుల ఎత్తులో ఉండగా ఈ పని జరిగితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. అప్పుడు మొత్తం బలం 1.12 జి మాత్రమే. ఒక జికి దగ్గరగా ఉన్న రీడింగులనే నమ్మే ప్రోగ్రాములు చాలా ఉన్నాయి. ఆ హద్దు కాస్త వదులుగా ఉంటే ఈ రీడింగు కూడా గుట్టుగా లోపలికి వచ్చేస్తుంది.

ఏడీఎక్స్‌ఎల్345, ఏడీఎక్స్‌ఎల్335 వంటి ఒట్టి యాక్సెలరోమీటర్ బోర్డులను పక్కన పెట్టేయడానికి కారణం ఇదే. అవి చెడ్డవి కావు. ఈ పనికి ఒంటరిగా చాలవు.

గైరో బలం, గైరో బలహీనత

గైరోకు గురుత్వాకర్షణతో పని లేదు. ఏ అక్షం చుట్టూ సెకనుకు ఎన్ని డిగ్రీలు తిరుగుతున్నామన్నదే అది కొలుస్తుంది. మలుపులో మోసపోదు, విసిరినప్పుడు తడబడదు. ఆ వేగాన్ని క్షణక్షణం కూడుకుంటూ పోతే కోణం వస్తుంది. చిక్కు ఆ కూడికలోనే ఉంది. కదలకుండా ఉన్నప్పుడు కూడా గైరో సెకనుకు 0.1 డిగ్రీ తిరుగుతున్నట్టు చూపితే నిమిషానికి 6 డిగ్రీలు, అయిదు నిమిషాలకు 30 డిగ్రీల తప్పు పోగవుతుంది.

అందుకని రెండూ కావాలి. క్షణాల లెక్క గైరోది, నిమిషాల లెక్క యాక్సెలరోమీటర్‌ది. రెంటినీ కలిపే తేలికైన సూత్రం కాంప్లిమెంటరీ ఫిల్టర్. కోణంలో ఎక్కువ భాగం గైరో నుంచి, కొసరు యాక్సెలరోమీటర్ నుంచి తీసుకుంటుంది. పాఠాల్లో తరచూ కనిపించే నిష్పత్తి 0.98, 0.02. సెకనుకు వందసార్లు తిరిగే ప్రోగ్రాములో ఆ అంకెలు పెడితే ఫిల్టర్ అర సెకనులోనే యాక్సెలరోమీటర్ మాటకు లొంగడం మొదలుపెడుతుంది. బల్ల మీద తనను తాను నిలబెట్టుకునే రెండు చక్రాల రోబోకు అది సరిపోతుంది. మూడు నాలుగు సెకన్లు మలుపులో ఉండే విమానానికి అది అపాయం. 0.998 పెడితే ఆ కాలం అయిదు సెకన్లు, 0.9995 పెడితే ఇరవై సెకన్లు అవుతుంది. ఇరవై సెకన్లు తీసుకుంటే, గైరోలో సెకనుకు 0.1 డిగ్రీ దోషం మిగిలినా కోణంలో నిలిచే తప్పు రెండు డిగ్రీలే. నా ఓటు దీనికే. మంచి గైరో కొని యాక్సెలరోమీటర్‌ను తక్కువ నమ్మండి.

ఇంతకంటే మెరుగైన దారి, మలుపు బలాన్ని లెక్కగట్టి తీసేయడం. వేగాన్ని మలుపు రేటుతో గుణిస్తే పక్కకు లాగే త్వరణం వస్తుంది. పై ఉదాహరణలో సెకనుకు 15 మీటర్లు, 0.65 రేడియన్లు, గుణిస్తే 9.8, అంటే సరిగ్గా ఒక జి. ఆర్డుపైలట్ వంటి ఉచిత ప్రోగ్రాములు జీపీఎస్ నుంచో గాలి వేగం కొలిచే గొట్టం నుంచో వేగం తీసుకుని ఈ పని చేస్తాయి.

పరారుణ సెన్సర్ల సంగతి

గైరోలు చవక కాకముందు ఇంకో తెలివైన పద్ధతి నడిచింది. ఆకాశం చల్లగా, నేల వెచ్చగా ఉంటాయి కదా. విమానానికి రెండు పక్కలా, ముందూ వెనకా థర్మోపైల్ అనే పరారుణ సెన్సర్లు పెట్టి, ఎటువైపు వెచ్చగా ఉంటే అటు వంగినట్టు లెక్కించేవారు. ఎఫ్ఎంఏ సంస్థ కో-పైలట్ పరికరం ఇలాంటిదే. 2009 నాటి తొలి ఆర్డుపైలట్ బోర్డులు కూడా వీటినే వాడాయి. మలుపు బలం వీటిని మోసగించలేదు, గైరోలో లాగా తప్పు పోగయ్యే డ్రిఫ్టూ ఉండదు.

పాత సామాను అమ్మేవారి దగ్గర ఇలాంటిది కనబడితే ఆశపడకండి, ముఖ్యంగా విశాఖలో. ఇక్కడ ఒక పక్క సముద్రం, ఇంకో పక్క కొండ. తీరం వెంట ఎగురుతుంటే ఒక సెన్సర్ ఎండకు కాలిన కొండవాలును చూస్తుంది, రెండోది నీటిని, దాని మీది ఆకాశాన్ని చూస్తుంది. పరికరం దిగంతమే ఒరిగిందనుకుని విమానాన్ని ఒక పక్కకు వాలుస్తుంది. దీనికి తోడు తేమ, తక్కువ ఎత్తు మబ్బులు నేలకూ ఆకాశానికీ మధ్య వేడి తేడాను తగ్గించేస్తాయి. జూన్ నుంచి నవంబరు దాకా ఇక్కడ అలాంటి రోజులకు కొదవ లేదు.

ముందుగా తేల్చుకోవలసింది

సెన్సర్ నుంచి మీకు ఏం కావాలి? గాలి కుదుపులు తగ్గడమా, స్టిక్ వదిలేస్తే విమానం తనంతట తాను సమం కావడమా? మొదటిదానికి గైరో ఒక్కటే చాలు. రెక్క అకస్మాత్తుగా లేస్తే వెంటనే అదుముతుంది. కోణం దానికి తెలియదు, తెలియనక్కర్లేదు. రెండోదానికే గైరో, యాక్సెలరోమీటర్ జంట కావాలి. స్పెక్ట్రమ్ వారి రిసీవర్లలో (విమానంలో ఉండి రిమోట్ సంకేతాలు అందుకునేవి) ఏఎస్3ఎక్స్ మొదటి రకం, సేఫ్ రెండో రకం. సముద్రపు గాలిలో నేర్చుకుంటున్నవారికి రోజూ పనికొచ్చేది మొదటిదే. రెండోది దారి తప్పినప్పుడు వేసే స్విచ్‌గా ఉంటే చాలు. దాన్ని ఎప్పుడూ వేసి ఉంచితే వేళ్లు ఎగరడం నేర్చుకోవు.

ఎగరడమే ముఖ్యమైతే గైరో ఉన్న రిసీవరు కొనండి. జీపీఎస్ పెట్టుకుని, రికార్డులు చూసుకుంటూ ముందుకు పోవాలనుకుంటే మాటెక్ ఎఫ్405-వింగ్ వంటి ఫ్లైట్ కంట్రోలర్ బోర్డు తీసుకుని అందులో ఐనావ్ ప్రోగ్రాము గానీ ఆర్డుపైలట్ గానీ ఎక్కించండి. సొంతంగా ప్రోగ్రాము రాసి లోపల ఏం జరుగుతుందో చూడాలనుకునేవారే విడి చిప్ కొనాలి. ఇక్కడి నుంచి చెప్పేది ఎక్కువగా వారి కోసం. అయితే సెన్సర్ అమరిక, పరీక్షలు అందరికీ వర్తిస్తాయి.

చిప్ వివరాల పత్రంలో ఏం చూడాలి

అందరికీ దొరికేది ఎంపీయూ-6050 ఉన్న జీవై-521 బోర్డు. మూడు అక్షాల గైరో, మూడు అక్షాల యాక్సెలరోమీటర్ ఒకే చిప్‌లో ఉంటాయి. డిజైన్ పాతబడింది, మార్కెట్లో నకళ్లు ఎక్కువ. అయినా నేర్చుకోవడానికి ఇప్పటికీ సరిపోతుంది. కొనగానే 0x75 రిజిస్టర్ (చిప్ తన గుర్తింపు అంకెను దాచుకునే చోటు) చదవండి. అసలు 6050 అయితే 0x68 రావాలి. వేరే అంకె వస్తే చిప్ మరొకటన్నమాట. పనిచేయవచ్చు, కానీ 6050 వివరాల పత్రంలోని అంకెలు దానికి వర్తిస్తాయన్న నమ్మకం లేదు. కొత్తది కావాలంటే ఐసీఎం-42688-పీ, బీఎంఐ270 మేలు. రెండూ ఎస్‌పీఐ అనే వేగమైన తీగల పద్ధతిలో మాట్లాడతాయి. బోష్ వారి బీఎన్ఓ055 కోణాన్ని లోపలే లెక్కగట్టి సెకనుకు వందసార్లు ఇస్తుంది. వినడానికి హాయిగానే ఉంటుంది. అయితే యాక్సెలరోమీటర్‌ను ఎంత నమ్మాలన్న తాళంచెవి మీ చేతిలో ఉండదు. విమానం విషయంలో మనకు కావలసిందే ఆ తాళంచెవి. అందుకే నేను దాన్ని సూచించను.

గైరో పరిధిని సెకనుకు 500 డిగ్రీలకు పెట్టండి. చురుకైన ఫోమ్ విమానం 250 డిగ్రీల పరిధిని తేలిగ్గా దాటుతుంది. దాటిన క్షణం నుంచి కోణం లెక్క తప్పుతుంది. యాక్సెలరోమీటర్‌కు 8 జి పెట్టండి. 2 జి పరిధిలో ఎక్కువ సూక్ష్మత ఉంటుందని మొగ్గు చూపేవారున్నారు. కానీ మోటారు అదురు కొసలు ఆ పరిధికి తగిలి తెగిపోతే సగటే ఒక పక్కకు జరిగిపోతుంది.

పత్రంలో గైరో సున్నా దోషం (కదలకపోయినా చూపే వేగం) చూసి కంగారు పడకండి. ఎంపీయూ-6050కి అది సెకనుకు 20 డిగ్రీల దాకా ఉండవచ్చని తయారీదారే రాశారు. పవర్ ఇచ్చాక కదలకుండా ఉంచి, సగటు తీసి, ప్రతి రీడింగు నుంచి దాన్ని తీసేస్తాం కనుక అది సమస్య కాదు. వేడితో ఆ దోషం మారడమే అసలు సమస్య. మే నెలలో కారు డిక్కీలో కాలిన విమానాన్ని బయటికి తీసి వెంటనే సున్నా సరిచేస్తే, పైకి వెళ్లి గాలికి చల్లబడ్డాక ఆ సున్నా సున్నాగా ఉండదు. నీడలో కాసేపు ఉంచి, పవర్ ఇచ్చి రెండు మూడు నిమిషాలు ఆగి, అప్పుడు సరిచేయండి. ఆ సమయంలో గాలికి రెక్కలు ఊగకుండా చేత్తో పట్టుకుంటే ఇంకా చెడుతుంది. నేల మీద పెట్టి, గాలికి మీరే అడ్డం నిలబడండి.

యాక్సెలరోమీటర్ సున్నా దోషం 50 మిల్లీ-జి. కోణంలో చెప్పాలంటే దాదాపు మూడు డిగ్రీలు. రసమట్టంతో సమం చేసిన బల్ల మీద ఒకసారి సరిచేసి ఆ అంకెలను ప్రోగ్రాములో దాచుకోండి.

చిప్ వేగం గురించి ఎక్కువ ఆలోచించనక్కర్లేదు. మామూలు సర్వో సెకనుకు 50 సార్లే ఆదేశం తీసుకుంటుంది. నాలుగు మోటార్ల డ్రోన్లకు వేల సార్లు తిరిగే లెక్క అవసరం కావచ్చు. ఫోమ్ విమానానికి వంద, రెండు వందల సార్లు చాలు. దిక్సూచి సెన్సర్ కూడా వంపు కోసం అక్కర్లేదు. మోటారు తీగల పక్కన అది ఎలాగూ దారి తప్పుతుంది.

బిగించడం, ఉప్పుగాలి నుంచి కాపాడటం

బోర్డును విమానం బరువు కేంద్రానికి దగ్గరగా, అక్షాలకు సమాంతరంగా, దళసరి ఫోమ్ డబుల్ టేపు మీద పెట్టండి. అంతకంటే ముందు ప్రొపెల్లర్‌ను బ్యాలెన్స్ చేయండి. నిమిషానికి 9000 చుట్లు తిరిగే ప్రొపెల్లర్ సెకనుకు 150 సార్లు అదురుతుంది. సెకనుకు వందసార్లు చదివే ప్రోగ్రాముకు ఆ అదురు నెమ్మదైన ఊపులాగా కనబడి మోసం చేస్తుంది. చిప్ లోపలి ఫిల్టర్‌ను 44 లేదా 21 హెర్ట్జ్‌కు పెడితే చాలావరకు తగ్గుతుంది. టేపూ ఫిల్టరూ కలిసి కూడా బ్యాలెన్స్ తప్పిన ప్రొపెల్లర్‌ను పూర్తిగా కప్పిపుచ్చలేవు.

సెన్సర్‌ను ప్రోగ్రాము నడిచే బోర్డుతో కలిపే ఐ2సీ తీగలు పది సెంటీమీటర్లు మించకుండా, సర్వో తీగలకు దూరంగా ఉండాలి. సర్వోలన్నీ ఒకేసారి లాగినప్పుడు వోల్టేజీ పడి సెన్సర్ మధ్యలో ఆగిపోవచ్చు. అయిదు వోల్టుల లైనుకూ గ్రౌండుకూ మధ్య 470 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టండి. ప్రోగ్రాములో వాచ్‌డాగ్ (ఏదైనా ఆగిపోతే పసిగట్టే కాపలా) తప్పనిసరి. సెన్సర్ మాట్లాడకపోతే స్టిక్ ఆదేశాలు నేరుగా సర్వోలకు పోయేలా రాయండి.

తీరంలో ఎగరేసేవారికి గుచ్చే పిన్నుల కనెక్షన్లు పనికిరావు. ఉప్పుతేమకు కొన్నాళ్లకే పచ్చబడతాయి. తీగలను నేరుగా సోల్డర్ చేసి, బోర్డు మీద రంగులేని నెయిల్ పాలిష్ పలుచగా పూయండి. బోర్డులో గాలి పీడనం కొలిచే బేరోమీటర్ ఉంటే దాని రంధ్రం మాత్రం వదిలేయండి.

ఎగరేయక ముందు పరీక్షలు

బల్ల మీద పది నిమిషాలు కదలకుండా ఉంచి కోణాన్ని రికార్డు చేయండి. రెండు డిగ్రీలకు మించి జరిగితే గైరో సున్నాను మళ్లీ చూడాలి.

తర్వాతిది నాకు ఇష్టమైన పరీక్ష. బోర్డును కారు నేలకు టేపుతో అంటించి, ఇంకొకరిని నడపమని, రుషికొండ దాటాక భీమిలి వైపు రోడ్డు మలుపుల్లో రికార్డు చేయండి. గంటకు 36 కిలోమీటర్ల వేగంతో 50 మీటర్ల వ్యాసార్ధపు మలుపు తిరిగితే ఒట్టి యాక్సెలరోమీటర్ 11 డిగ్రీలకు పైగా వంపు చూపుతుంది. కారు మాత్రం దాదాపు సమంగానే ఉంటుంది. మీ ఫిల్టర్ చూపే కోణం ఈ 11 డిగ్రీల వైపు ఎంత జరిగిందన్నదే దాని మార్కుల పత్రం. రెండు మూడు డిగ్రీల లోపు ఉంటే ముందుకు పోవచ్చు.

మూడోది, విమానాన్ని గట్టిగా కట్టి మోటారును సున్నా నుంచి పూర్తి వేగం దాకా తిప్పుతూ రికార్డు చేయడం. ప్రొపెల్లర్‌కు ఎదురుగా గానీ, అది తిరిగే తలానికి సూటిగా పక్కన గానీ ఎవరూ ఉండకూడదు. ఏ వేగంలోనైనా కోణం పక్కకు జరుగుతుంటే సెన్సర్ బిగింపులో లోపముంది.

చివరిది అతి ముఖ్యం, అతి తేలిక. కుడి రెక్కను కిందికి వంచండి. కుడి ఐలరాన్ (రెక్క వెనక అంచున కదిలే పలక) కిందికి దిగాలి, ఎడమది పైకి లేవాలి. ముక్కు దించండి. ఎలివేటర్ (తోకలోని అడ్డ పలక) పైకి లేవాలి. ముక్కును ఎడమకు తిప్పితే రడ్డర్ (తోకలోని నిలువు పలక) కుడికి పోవాలి. ఒక్కటి తలకిందులుగా ఉన్నా, నిలబెట్టాల్సిన పరికరమే విమానాన్ని బోర్లా పడేస్తుంది. బ్యాటరీ మార్చిన ప్రతిసారీ ఇది చేయండి.

విశాఖలో ఎక్కడ, ఎప్పుడు

విశాఖ విమానాశ్రయం నౌకాదళానికి చెందిన ఐఎన్ఎస్ డేగా వైమానిక స్థావరం కూడా. తూర్పు నౌకాదళ కమాండ్ కేంద్రం, ఓడరేవు, రిఫైనరీ ఇక్కడే ఉన్నాయి. కాబట్టి ఆర్కే బీచ్‌లో సాయంత్రం సరదాగా ఎగరేద్దామన్న ఆలోచన మానుకోండి. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపులో ఆకుపచ్చ ప్రాంతమైతేనే ముందస్తు అనుమతి లేకుండా ఎగరేయవచ్చు, అదీ 400 అడుగుల లోపు. విమానాశ్రయం హద్దు నుంచి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య అయితే 200 అడుగులే. భోగాపురం విమానాశ్రయం వల్ల ఉత్తరం వైపు మ్యాపు కూడా మారవచ్చు. నిరుడు వెళ్లిన మైదానమే అయినా వెళ్లే రోజు మళ్లీ చూసుకోండి.

మొదటి సెట్టింగులకు తెల్లవారుజామే మంచిది. సముద్రపు గాలి పొద్దెక్కాక లేస్తుంది, మధ్యాహ్నానికి బలపడుతుంది. సూర్యుడు సముద్రం మీంచి లేస్తాడు కనుక తూర్పుకు వీపు పెట్టి నిలబడండి. కొండకు గాలి తగలని వైపు సుడిగాలి ఉంటుంది. అక్కడ ఎగరేస్తే కుదుపు గాలిదా, సెట్టింగుదా అన్నది తేలదు.

స్టెబిలైజర్‌ను ఆపి విమానాన్ని గాల్లోకి లేపి, మామూలుగా ట్రిమ్ చేయండి, అంటే స్టిక్ వదిలినా సూటిగా పోయేలా సర్దండి. ట్రిమ్ లేని విమానానికి స్టెబిలైజర్ వేస్తే లోపం దాగిపోతుంది. నూట యాభై అడుగుల ఎత్తులో, మైదానం మీదే ఉండగా స్విచ్ వేయండి. గెయిన్ (స్టెబిలైజర్ ఎంత గట్టిగా దిద్దాలన్న సెట్టింగు) తక్కువలో మొదలుపెట్టి కొంచెం కొంచెంగా పెంచండి. రెక్కలు వేగంగా వణకడం మొదలైతే గెయిన్ ఎక్కువైనట్టు. పావు వంతు తగ్గించండి. ఈ వణుకును పూర్తి థ్రాటిల్ వేగంలోనే వెతకాలి. ఐలరాన్ బలం వేగానికి వర్గంగా పెరుగుతుంది. నెమ్మదిగా ఎగిరేటప్పుడు హాయిగా అనిపించిన గెయిన్, కిందికి దూకేటప్పుడు రెక్కలను ఊపేస్తుంది. రోల్ (రెక్కల వంపు) కుదిరాక పిచ్ (ముక్కు ఎత్తుదింపులు) చూడండి, రడ్డర్‌ను ఆఖరికి ఉంచండి. తర్వాత అయిదారు చుట్లు ఒకే వైపు మలుపు తిప్పి, స్టిక్ వదిలి, రెక్కలు సమంగా నిలుస్తాయో లేదో గమనించండి. ఒరిగి నిలిస్తే ఫిల్టర్ కాలాన్ని ఇరవై సెకన్ల నుంచి ముప్పైకి పెంచి మళ్లీ ఎగరేయండి.